కెమికల్స్ పక్కన పేపర్ పెట్టకండి, ఫ్రిజ్ సంగతి తర్వాత చూద్దాం

మీరు అడిగింది ఇది: ఇంట్లో ఖాళీగా ఉన్న చిన్న గదిని ఫోటోలు కడిగే డార్క్‌రూమ్‌గా మార్చుకుంటున్నారు, అందులో ఒక్కటే అల్మారా ఉంది. పై అరల్లో ఫిల్మ్, ఫోటో పేపర్, కింది అరల్లో బొమ్మని బయటికి తెచ్చే డెవలపర్, దాన్ని చెరగకుండా నిలిపే ఫిక్సర్ సీసాలు సర్దుకుంటే చాలా, లేక ఫిల్మ్ కోసం విడిగా ఫ్రిజ్ కొనాలా?

అలా సర్దకండి. ఫ్రిజ్ కొనకపోయినా పెద్ద నష్టం లేదు, ఆ అల్మారా మాత్రం రెండింటికీ కలిపి వాడొద్దు. ఈ విషయంలో ఎవరిని అడిగినా ముందు టెంపరేచర్ గురించే చెబుతారు. ఎన్ని డిగ్రీలు ఉండాలి, డీప్ ఫ్రీజర్ మంచిదా కాదా అని గంటలకొద్దీ చర్చలు నడుస్తాయి. నా అభిప్రాయం వేరు. వేడికి ఫిల్మ్ పాడవడం నెమ్మదిగా జరుగుతుంది, కాస్త గమనించేవాళ్ళకి ముందే తెలుస్తుంది. పక్కనున్న వస్తువు వల్ల పాడవడం చెప్పాపెట్టకుండా జరుగుతుంది. అందుకే ఏది దేని పక్కన ఉందన్నదే నేను మొదట చూస్తాను.

ఇది ఎలా తెలిసిందో చెబుతాను. కొందరం కలిసి వాడుకునే డార్క్‌రూమ్ ఒకటి ఉండేది. మీరు అనుకుంటున్నట్టే అక్కడా ఒకటే అల్మారా, పైన పేపర్ పెట్టెలు, కింద సీసాలు. కొంతకాలం అంతా బాగానే నడిచింది. తర్వాత ప్రింట్ల అంచులు తేడాగా రావడం మొదలైంది. పేపర్‌ని పట్టి ఉంచే ఈజిల్ రెక్కల కింద ఉండే అంచు మీద, నెగటివ్‌ని పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ వెలుగు పడదు కాబట్టి అక్కడ పేపర్ తెల్లగా మెరవాలి. అలాంటి చోట వేలి వెడల్పున బూడిదరంగు పట్టీ వస్తోంది. అంచు దగ్గర ముదురుగా ఉండి, లోపలికి వచ్చేకొద్దీ పలచబడి కలిసిపోతోంది. నల్ల కవరు మూతి మడిచిన వైపు ఆ పట్టీ ఇంకాస్త వెడల్పు.

అందరూ మొదట సేఫ్‌లైట్‌ని, అంటే పేపర్ పాడవకుండా గదిలో వేసుకునే మసక రంగు దీపాన్ని, అనుమానించారు. ఒకరు బల్బు మార్చారు, ఇంకొకరు దాన్ని ట్రేలకి దూరంగా జరిపారు. పేపర్ బ్యాచే మంచిది కాదని ఒకరి వాదన. నేను మాత్రం ఒక్క షీటుతో పరీక్ష చేద్దామన్నాను. సేఫ్‌లైట్ కూడా ఆర్పేసి, చిమ్మచీకట్లో ఒక షీటుని నిలువునా రెండు ముక్కలు చేశాం. ఒక ముక్క నేరుగా ఫిక్సర్‌లోకి, రెండోది మామూలు టైమంతా డెవలపర్‌లో ఉంచి ఆ తర్వాత ఫిక్సర్‌లోకి. లైటు వేసి చూస్తే మొదటి ముక్క మల్లెపూవులా తెల్లగా ఉంది. రెండో ముక్క అంచున అదే బూడిద పట్టీ. చీకట్లో తీసి చీకట్లోనే కడిగాం కాబట్టి ఇక సేఫ్‌లైట్‌ని అనడానికి లేదు. పెట్టెలోకి వెలుగు దూరిందా అంటే, దొంతర మధ్యలోంచి తీసిన షీట్లలోనూ అదే పట్టీ. వెలుగైతే పై షీట్లనే ఎక్కువగా పట్టుకుంటుంది, మధ్యలో ఉన్నవాటిని ఒకే కొలతలో పాడు చేయదు. చివరికి అదే బ్యాచ్‌లో సీలు తీయని ప్యాకెట్ ఒకటి వేరే గదిలో ఉంటే తెచ్చి చూశాం. శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది ఆ అల్మారానే.

కొన్నాళ్ళు ఎవరూ వాడక మూసి ఉంచాక ఆ అల్మారా తలుపు తెరిస్తే, కుళ్ళిన గుడ్డు వాసన సన్నగా వచ్చింది. రోజూ తెరిచి మూసేటప్పుడు గాలికి పోయేది కాబట్టి అన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. కింది అరలో బాగా వెనక్కి ఒక సీసా ఉంది. మూతకి వెంట్రుక మందం చీలిక, దాని చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లని పొక్కు. మీద లేబుల్ లేదు, మార్కర్‌తో రాసిన '2' అనే అంకె మాత్రం ఉంది. మాలో ఒకరు ప్రింట్లకి గోధుమరంగు తెచ్చే సెపియా టోనింగ్ కోసం కలుపుకున్న రెండో ద్రావణం అది, అంటే సోడియం సల్ఫైడ్. ఆ ద్రావణానికి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే చాలు, మెల్లగా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది. ఆమ్లం తగిలితే ఇంకా జోరుగా వస్తుంది. దాని పక్కనే ఉన్నది డెవలపర్ పనిని ఆపే ఆమ్లం, అంటే స్టాప్ బాత్ సీసా! ఆ వాయువు పేపర్ అంచుల్లోంచి దూరి, దాని మీది పూత, అంటే ఎమల్షన్‌లోని వెండి లవణాలని పట్టుకుని ఫాగ్ చేస్తుంది, అంటే వెలుగు తగలకుండానే మసకబారుస్తుంది. నల్ల కవరు వెలుగుని ఆపగలదు గానీ వాయువుని ఆపలేదు.

ఆ అరలో మాలో ఒకాయన, వాళ్ళ నాన్నగారి పాత నెగటివ్‌ల నుంచి పెద్ద ప్రింట్లు వేద్దామని దాచుకున్న ఫైబర్ పేపర్ పెట్టె కూడా ఉంది. అంచులు కోసేసి చిన్న సైజులో వాడుకోవాల్సి వచ్చింది. తను అనుకున్న సైజు ప్రింట్లు ఆ పేపర్ మీద ఇక రావు. ఆ రోజు ఆయన మొహం చూశాక, ఈ విషయంలో ఎవరు అడిగినా ఇంత పొడుగ్గా చెప్పడం నాకు అలవాటైంది.

పక్కన పెట్టిన వస్తువు ఫోటో ప్లేటుని పాడు చేస్తుందనడానికి చరిత్రలో పెద్ద సాక్ష్యాలే ఉన్నాయి. 1896లో పారిస్‌లో శాస్త్రవేత్త హెన్రీ బెకెరెల్ నల్ల కాగితంలో చుట్టిన ప్లేటునీ, యురేనియం లవణాన్నీ ఒకే సొరుగులో ఉంచాడు. మబ్బు పట్టి ఎండ లేకపోవడంతో ప్రయోగం ఆగింది. అయినా ప్లేటు డెవలప్ చేసి చూస్తే మచ్చ స్పష్టంగా వచ్చింది. రేడియోధార్మికత అలా బయటపడింది. 1945లో ఇంకో సంగతి. కొడాక్ ఎక్స్‌రే ఫిల్మ్ మీద మచ్చలు వస్తుంటే అక్కడి శాస్త్రవేత్త జె. హెచ్. వెబ్ కారణం వెతికాడు. ప్యాకింగ్‌కి వాడిన గడ్డి అట్టలో దొరికింది. జులై 16న న్యూ మెక్సికోలో జరిగిన తొలి అణు పరీక్ష ధూళి, చాలా దూరంలో ఇండియానా రాష్ట్రంలో ఉన్న అట్టల మిల్లు నీళ్ళలో కలిసి ఆ అట్టలోకి చేరింది. మన ఇళ్ళలో యురేనియం ఉండదు, నిజమే. కానీ ఫిల్మ్ దేనికైనా స్పందించడానికే తయారైన వస్తువని గుర్తుంటే చాలు.

ఇంట్లో నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. బట్టల్లో వేసే కలరా ఉండలు, కొత్తగా వేసిన పెయింట్, థిన్నర్, ఫ్లోర్ క్లీనర్లు, బూజు రాకుండా కొట్టే మందులు. అన్నిటికంటే దొంగచాటుది కొత్త ప్లైవుడ్, పార్టికల్ బోర్డు. వాటి జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ చాలాకాలం వస్తూనే ఉంటుంది, డెవలప్ చేయని ఫిల్మ్‌కి, ముఖ్యంగా కలర్ ఫిల్మ్‌కి అది పడదు. డార్క్‌రూమ్ అనగానే అందరూ ముచ్చటపడి కొత్త ప్లైవుడ్ అల్మారా చేయించుకుంటారు. కెమికల్స్‌కి అది పర్వాలేదు. ఫిల్మ్‌కి మాత్రం పెయింట్ పూర్తిగా ఆరిన ఇనుప బీరువా మేలు. అనుమానం ఉంటే ఒక పని చేయండి. బాగా తోమిన చిన్న వెండి ముక్కని ఫిల్మ్ పెట్టే చోట వదిలేయండి. కొన్ని వారాల్లో గోధుమరంగుకో నలుపుకో తిరిగితే అక్కడ సల్ఫర్ వాయువులున్నట్టే. ఫార్మాల్డిహైడ్‌ని అది పట్టదు గానీ, సల్ఫైడ్‌ని మాత్రం మన ముక్కుకి అందకముందే పడుతుంది.

ఇక కెమికల్స్. వీటికి ప్రధాన శత్రువు గాలి. డెవలపర్ సీసా ముదురు గోధుమరంగులో ఉండాలని అందరూ పట్టుబడతారు, మంచిదే గానీ అసలు చూడాల్సింది సీసాలో ఎంత ఖాళీ ఉందన్నది. ఉదాహరణకి డి-76 అనే డెవలపర్ తీసుకోండి, 1920ల నుంచి వాడుకలో ఉన్న ఫార్ములా. కలిపి ఇంకా పలుచన చేయని స్టాక్ ద్రావణం అంచు దాకా నింపి బిగించిన సీసాలో 6 నెలలు ఉంటుంది, సగం ఖాళీ సీసాలో 2 నెలలే. అందుకే లీటరు కలిపితే లీటరు సీసాలో పోయకుండా నాలుగు చిన్న సీసాల్లో అంచు దాకా నింపుకోండి. ఒక్కోటి తెరిచి వాడుకోవచ్చు. కొంచెం తగ్గితే గాజు గోలీలు వేసి మట్టం పైకి తెచ్చుకోవచ్చు. నొక్కితే ముడుచుకునే అకార్డియన్ సీసాలు నాకు అస్సలు నచ్చవు. ఆ మడతల్లో పాత మందు ఇరుక్కుంటుంది, ఎంత కడిగినా పోదు. గాజు అన్నిటికన్నా మంచిది. ప్లాస్టిక్‌లో పెట్ (PET) రకం పర్వాలేదు, పాల తెలుపులో ఉండే మెత్తటి పాలిథిన్ సీసాల గోడల్లోంచి ఆక్సిజన్ మెల్లగా దూరుతుంది.

రంగు చూసి డెవలపర్ బాగుందో లేదో చెప్పేయొచ్చంటారు కొందరు. అది అన్నిసార్లూ పనిచేయదు. 1891 నుంచి ఉన్న రోడినాల్ అనే డెవలపర్ కాఫీ డికాక్షన్ రంగుకి తిరిగినా ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ఎక్స్‌టాల్ అనే ఇంకో డెవలపర్‌లో ఉండేది విటమిన్ సి జాతి మందు, నీళ్ళలా తెల్లగా ఉంటూనే చచ్చిపోతుంది. ముఖ్యమైన రోల్ వేసే ముందు ఫిల్మ్ కొస ఒకటి కత్తిరించి, వెలుగులోనే కాస్త డెవలపర్‌లో ముంచండి. కొద్ది నిమిషాల్లో నల్లగా మారితే మందు బతికున్నట్టే. ఫిక్సర్‌కీ ఇలాంటిదే ఉంది. కొత్తగా కలిపినప్పుడు ఫిల్మ్ ముక్క తేటపడటానికి ఎంత టైం పట్టిందో సీసా మీదే రాసుకోండి. అది రెట్టింపు అయిన రోజున ఆ ఫిక్సర్ మార్చేయండి. ఫిక్సర్ సీసా అడుగున లేత పసుపు మడ్డి కనిపిస్తే అది విడిపోయిన గంధకం, దాన్ని వడకట్టి వాడుకుందామని చూడొద్దు.

ఇప్పుడు నన్ను బాగా కలవరపెట్టే విషయం. కూల్ డ్రింక్ సీసాల్లో, మంచినీళ్ళ సీసాల్లో డెవలపర్ పోసి పెట్టుకోమని సలహాలిచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. గాలి లోపలికి పోదు, ఊరికే దొరుకుతుంది అంటారు. రెండూ నిజమే. కానీ ఇంట్లో పిల్లలకి ఆ సీసా ఆకారం తెలుసు, దాన్ని చూస్తే తాగబుద్ధవుతుంది. పెద్దవాళ్ళు కూడా కరెంటు లేని వేళ చేతికందింది ఎత్తి తాగుతారు. హైడ్రోక్వినోన్ ఉన్న డెవలపర్ కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. తినే తాగే వస్తువుల సీసా, డబ్బా, గరిటె ఏదీ డార్క్‌రూమ్‌లోకి రాకూడదు, డార్క్‌రూమ్‌ది ఏదీ వంటింట్లోకి పోకూడదు. తిండి పెట్టుకునే ఫ్రిజ్‌లో కెమికల్ సీసాలు అసలే వద్దు. పైగా చలికి డెవలపర్ గాఢ ద్రావణాల్లోంచి స్ఫటికాలు విడిపోతాయి, మళ్ళీ సరిగ్గా కరగవు. గది చల్లగా, ఎండ తగలకుండా ఉంటే వాటికి చాలు.

లేబుల్ సంగతి కూడా ఇందులోదే. పైన చెప్పిన '2' అనే సీసా మీద ఒక్క మాట రాసి ఉంటే అది పేపర్ పక్కన చేరేదే కాదు. మందు పేరు, కలిపిన తేదీ, స్టాకా పలుచన చేసిందా, ఎన్ని రోల్స్ కడిగారు, ఇవన్నీ నీళ్ళకి చెరగని ఇంకుతో రాసి పైన టేపు అంటించండి. మూత మీద వద్దు, సీసా ఒంటి మీద రాయండి. చీకట్లో మూతలు తారుమారు అవుతాయి. పాత సీసా దేనిదో తెలియకపోతే వాసన చూసి కనిపెడదామని మూతి దగ్గర ముక్కు పెట్టకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు ఎక్కువైతే ముక్కుకి వాసన తెలిసే శక్తే పోతుంది, ఇక ప్రమాదం ఉన్నట్టు కూడా తెలియదు.

స్టాప్ బాత్ కోసం గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్ తెచ్చుకునే ఆలోచన ఉంటే మానుకోండి. చర్మాన్ని కాలుస్తుంది, దాని ఆవిరి 39 డిగ్రీల దగ్గరే మంట అందుకుంటుంది, 17 డిగ్రీల లోపుకి పోతే సీసాలోనే గడ్డ కడుతుంది. ముందే పలుచన చేసినదో, వాసన రాని సిట్రిక్ యాసిడ్ రకమో తీసుకుంటే ఇంట్లో నిశ్చింత. ఏ ఆమ్లమైనా నీళ్ళలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్ళు పోయకూడదు. ఆమ్లాలన్నీ కంటికంటే తక్కువ ఎత్తులో, ఒక లోతైన ప్లాస్టిక్ ట్రేలో నిలబెట్టండి. సీసా పగిలినా అందులోనే ఉంటుంది. సల్ఫైడ్ టోనర్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ఉన్న బ్లీచ్ ఆ ట్రేకి దూరంగా, గదికి రెండో కొసన ఉండాలి. ఫెర్రిసయనైడ్‌కి గాఢ ఆమ్లమూ వేడీ తగిలితే సయనైడ్ వాయువే వస్తుంది. ట్రేల మరకలు పోవాలని క్లోరిన్ బ్లీచ్ వాడేవాళ్ళున్నారు, స్టాప్ బాత్, ఫిక్సర్ మిగిలిన ట్రేలో అది పోస్తే విషవాయువులు వస్తాయి. మరకలతో ఉన్న ట్రే కూడా బాగానే పనిచేస్తుంది, ఉండనివ్వండి.

పొడి మందులు కలపడం కూడా డార్క్‌రూమ్‌లో వద్దు. ఆ ధూళి కంటికి కనిపించకుండా లేచి ఎన్‌లార్జర్ మీద, పేపర్ మీద వాలుతుంది, తర్వాత ప్రింట్ల మీద కారణం తెలియని చుక్కలు వస్తాయి. మాస్కు, గ్లౌజులు వేసుకుని గాలి ఆడే చోట కలపండి. డెవలపర్లలో ఉండే మెటాల్ కొందరి చర్మానికి పడదు. ఒకసారి ఎలర్జీ మొదలైతే తగ్గి మళ్ళీ వస్తూనే ఉంటుంది. కడిగి కడిగి చచ్చిపోయిన ఫిక్సర్‌ని సింకులో పారబోయకండి, దాంట్లో కరిగిన వెండి నీటిలోని జీవులకి విషం. విడిగా క్యాన్‌లో పోగుచేసి, వెండి తీసేవాళ్ళకో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికో ఇవ్వాలి.

మీరడిగిన ఫ్రిజ్ సంగతి ఇప్పుడు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ 24 డిగ్రీల లోపు ఉంటే హాయిగా ఉంటుంది, కొన్ని నెలల్లో వాడేస్తారనుకుంటే ఫ్రిజ్ అక్కర్లేదు. ప్రొఫెషనల్ కలర్ ఫిల్మ్‌కి 13 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉంటే మంచిది. ఏళ్ళ తరబడి దాచాలంటే మైనస్ 18. తక్కువ వెలుగులో వాడే హై స్పీడ్ ఫిల్మ్, అంటే ఐఎస్ఓ 3200 లాంటిది, ఫ్రీజర్‌లో పెట్టినా ఆగదు. భూమిలోంచీ ఆకాశంలోంచీ వచ్చే రేడియేషన్‌కి చలితో పనిలేదు, అది కొనగానే వాడుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టేది కంపెనీ సీలు తీయని రోల్ అయి ఉండాలి. బయటికి తీశాక సీలు విప్పకుండా 35 ఎంఎం రోల్‌ని కనీసం ఒక గంట, ఫ్రీజర్‌లోంచి అయితే ఇంకా ఎక్కువ, పేపర్ పెట్టె అయితే రాత్రంతా గది వేడికి రానివ్వండి. తొందరపడి విప్పితే చల్లటి ఎమల్షన్ మీద తేమ పడుతుంది. ఫోటోలు తీసేసిన రోల్స్‌ని మాత్రం ఎక్కువకాలం దాచకుండా వీలైనంత త్వరగా డెవలప్ చేయండి. ఇల్‌ఫర్డ్ పాన్ ఎఫ్ ప్లస్ లాంటి ఫిల్మ్‌లో పడ్డ బొమ్మ కడగకుండా ఆగితే పలచబడుతుంది, 3 నెలల లోపు కడగమని కంపెనీయే చెబుతుంది.

మీకు ఒక్క గదే ఉంది కాబట్టి నేనైతే ఇలా సర్దుతాను. ఆ అల్మారా మొత్తం కెమికల్స్‌కి ఇచ్చేసి తాళం వేస్తాను. ఫిల్మ్, పేపర్ పడకగదిలోని ఇనుప బీరువాలో, కలరా ఉండలు లేని అరలో ఉంటాయి. ఆ రోజుకి కావలసిన పేపర్ మాత్రమే డార్క్‌రూమ్‌లోకి వస్తుంది, మిగిలితే పని అవగానే తిరిగి వెళ్ళిపోతుంది. మీ గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందో లేదో రాయలేదు. ఉంటే ట్రేలు దాని వైపు పెట్టుకోండి, ఆవిర్లు మీ మొహం మీదుగా కాకుండా అటునుంచి అటే బయటికి పోతాయి.